తలపాగా పెళ్లిరోజుకేనా?

ఈ మధ్య శ్రీకాకుళం జిల్లాలో ఏ పెళ్లికి వెళ్లినా ఒక దృశ్యం తప్పడం లేదు. పెళ్లికొడుకు తలమీద ముందే కుట్టి, లోపల అట్టపెట్టి బిగించిన ఎర్రని పాగా. దానికో మెరుపు తురాయి. ఒంటిమీద మోకాళ్లు దాటే షేర్వాణీ. పక్కన నిలబడే బావమరుదులకూ, మేనమామలకూ అదే రంగు పాగాలు. అన్నీ అద్దెకు తెచ్చినవే. ఫోటోలూ వీడియోలూ పూర్తికాగానే పాగాలు లెక్కపెట్టి సంచిలో వేసి షాపువాడికి అప్పజెప్పేస్తారు. మర్నాడు ఆ పెళ్లికొడుకే మిట్టమధ్యాహ్నం ఎండలో ఒట్టి తలతో మోటారు సైకిలుమీద తిరుగుతూ కనిపిస్తాడు.

ఇందులో తప్పేముంది అని అడగవచ్చు. తప్పేమీ లేదు. పెళ్లికొడుకు ముచ్చట పెళ్లికొడుకుది. అయితే అదే పందిట్లో ఓ మూల కుర్చీలో కూర్చున్న డెబ్బయి ఏళ్ల రైతు, రోజూ చుట్టుకున్నట్టే తెల్లని తలగుడ్డ చుట్టుకుని వస్తే, కుర్రకారు "ఏం తాతా, పెళ్లి నీదా, మీ మనవడిదా?" అని నవ్వడమే విడ్డూరం. అద్దెపాగా దర్జా అయింది. సొంతపాగా మోటు అయింది. ఈ తలకిందుల వ్యవహారం గురించి నాలుగు మాటలు అనుకోవడం అవసరం.

తలకు గుడ్డా, భుజానికి కండువా, ఒంటికి కోటూ ఈ ప్రాంతానికి సినిమాలు చూసి వచ్చినవి కావు. పాఠ్యపుస్తకాల్లో పిల్లలు రోజూ చూసే బొమ్మలే ఇందుకు సాక్ష్యం. గురజాడ అప్పారావు తలమీద పాగా ఉంటుంది. కందుకూరి వీరేశలింగం తలమీదా ఉంటుంది. వాడుకభాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి పంతులు 1863లో ఈ జిల్లాలోనే పుట్టి, పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెప్పినవారు. కింద పంచె, పైన కోటు, తలమీద పాగా అనే ఆ కాలపు పంతుళ్ల వేషం ఫోటోకోసం వేసుకున్నది కాదు. బడికి అదే, బజారుకు అదే, సభకు అదే. పంచెమీద కోటేమిటని తెల్లవాడు నవ్వుకున్నాడేమో గాని, తెలుగు పంతులు ఆ రెంటినీ ఒకచోట చేర్చి దానికో హుందాతనం తెచ్చాడు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ సంగతి అందరికీ తెలిసిందే. 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవికి వెళ్లారు. 1962లో రాష్ట్రపతి అయ్యారు. తెల్లని తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన పొడుగుకోటు ఆయనతోపాటే అన్ని చోట్లకూ వెళ్లాయి. ఢిల్లీకి ఒక వేషం, వాల్తేరుకు ఒక వేషం అని ఆయన పెట్టుకోలేదు. ఇప్పుడు తలపాగాను పెట్టెలో పెట్టి పండగకు తీసేవారు ఆ బొమ్మ ఒకసారి చూడాలి.

పాగా, టోపీ

మన భాషలో ఒక తమాషా ఉంది. ఒకడు కొత్త ఊళ్లో నిలదొక్కుకుంటే "పాగా వేశాడు" అంటారు. మోసం చేస్తే "టోపీ పెట్టాడు" అంటారు. పాగా తనదనీ, టోపీ పైనుంచి ఎవరో తెచ్చి నెత్తిన పెట్టేదనీ పల్లె మనిషికి అనిపించి ఉండాలి. ఎన్నికలొచ్చినప్పుడు రంగురంగుల టోపీలు లారీల్లో దిగి, ఓట్లయ్యాక చెత్తకుప్పల్లో తేలడం చూస్తే ఆ సామెత పుట్టించినవాడి తెలివి మెచ్చుకోవాలనిపిస్తుంది.

అలాగని టోపీలన్నిటినీ తీసిపారేయనక్కర్లేదు. దొరటోపీ అని మనవాళ్లు పిలిచిన ఆ తేలికపాటి టోపీ ఉందే, అది చెరువుల్లో, నీటిగుంటల్లో పెరిగే జీలుగు మొక్క బెండుతో చేసింది. అంటే తెల్లదొర తల కాపాడింది మన గుంటలో మొక్కే. గాంధీటోపీ సంగతి వేరే చెప్పాలా? 1930 నాటి ఉద్యమకాలంలో ఆ తెల్లగుడ్డ నెత్తిన కనిపిస్తే చాలు, పోలీసు లాఠీ లేచేది. ఇక ధనుర్మాసపు తెల్లవారుజామున ఆమదాలవలస స్టేషన్లో రైలుకోసం కాచుకునే జనాన్ని చూస్తే, సగం మంది తలలు మంకీ క్యాపుల్లో ఉంటాయి. అందం సంగతి అటుంచి, ఆ టోపీని నవ్వేవాడెవడూ ఆ చలిలో ప్లాట్‌ఫారం మీద గంటసేపు నిలబడి ఉండడు.

వానాకాలానికి ఈ ప్రాంతపు సొంత టోపీ తాటాకు గిడుగు. తాటాకూ, వెదురుబద్దలూ కలిపి అల్లి నెత్తిన పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నాట్లు వేసే మనిషికి గొడుగెందుకు పనికొస్తుంది? ఒంగినా వీపు తడవకుండా కాసేది గిడుగే. ప్లాస్టిక్ పట్టా వచ్చాక గిడుగు అల్లేవారు తగ్గిపోయారు. పట్టా చవకే. కాని దానికింద పట్టే చెమటకు వానలో తడవడమే నయమని నాట్లేసే ఆడవాళ్లే చెబుతారు.

తుండుగుడ్డ చేసే పనులు

తలగుడ్డ ఎందుకని అడిగే కుర్రవాడికి దాని పనులు చెప్పబోతే పొద్దు గుంకుతుంది. మూడు నాలుగు మూరల తుండుగుడ్డ ఒక్కటుంటే రైతుకు సగం సామాను ఉన్నట్టే. తలకు చుడితే ఎండ కాస్తుంది. తీసి దులిపితే చెమట తుడుస్తుంది. మెలిపెట్టి చుడితే మోపు కింద చుట్టకుదురవుతుంది. చెట్టుకింద పరిస్తే పక్క, మడిస్తే తలగడ. చద్దిమూట దాంట్లోనే. సంతలో కొన్న మిరపకాయలూ దాంట్లోనే. చెరువులో ముంచి పిండి నెత్తిన వేసుకుంటే కాసేపు ప్రాణం లేచివస్తుంది. సైకిలు బిగించడానికి తాడు లేకపోతే అదే తాడు. దూడను ఇంటికి తోలుకొచ్చేటప్పుడు పలుపు తెగితే అదే పలుపు. ఇన్ని పనులు చేసే వస్తువు బజార్లో ఇంకేముంది?

ఎండ మాట హాస్యానికి చెప్పింది కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి పదిహేను వందలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ముసలివారు, ఎండలో పనిచేసుకునే కూలీలు. తలగుడ్డ ఒక్కటే వడదెబ్బను ఆపలేదు. మంచినీళ్లు కావాలి, నీడ కావాలి, పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపే వెసులుబాటు కావాలి. కాని వేసవి రాగానే డాక్టర్లు చెప్పే జాగ్రత్తల్లో తలకు గుడ్డ చుట్టుకోమన్నది ఏటా ఉంటుంది. తాతలు ఎవరూ చెప్పకుండానే చేసిన పనిని మనవలకు కరపత్రం అచ్చువేసి చెప్పాల్సి వస్తోంది. నల్లని సింథటిక్ టోపీకన్నా తెల్లని నూలుగుడ్డ చల్లనని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. రెండూ ఒక గంట పెట్టుకుని చూస్తే చాలు.

పనికొస్తుంది కాబట్టే వేసుకోవాలా అంటే, అదీ కాదు. పనికి మించి ఒక సరదా ఉంది. పాతరోజుల్లో గట్టుమీద వచ్చే మనిషిని ముఖం కనబడకముందే తలగుడ్డ చుట్టిన తీరు చూసి ఫలానావాడని చెప్పేవారు. ఒకడు కుచ్చు చెవిమీదికి వదులుతాడు. ఒకడు ముందు ముడి పెడతాడు. ఇంకొకడు గుండ్రంగా, గట్టిగా, కుండమీద మూతలా బిగిస్తాడు. సంతకు వెళ్లేనాడు చుట్టే తీరు వేరు, పొలానికి వెళ్లేనాడు వేరు. పంచాయితీలో మాట్లాడే ముందు తలగుడ్డ ఒకసారి సర్దుకోవడం ఉందే, అది గొంతు సర్దుకోవడం లాంటిదే. ఏ దర్జీ కుట్టక్కర్లేకుండా, ఏ కొలతా అక్కర్లేకుండా, ఒక్క ముక్క గుడ్డతో ప్రతి మనిషీ తనదైన అందం చేసుకున్నాడు. రోజూ చేసుకున్నాడు. అందుకే అది అతని ముఖంలో భాగమైపోయింది. ఏడాదికొకసారి పెట్టుకున్నవాడి తలమీద అదే పాగా అరువు వస్తువులా బిత్తరపోయి కూర్చుంటుంది.

తీయించిన చరిత్ర

ఇంతదాకా చదివి "ఆహా, మన సంస్కృతి" అని మురిసిపోయేవారు కాస్త ఆగాలి. తలగుడ్డకు ఇంకో చరిత్ర ఉంది. అది చెప్పకుండా పాగాను పొగిడితే సగం నిజం దాచినట్టే.

ఈ ప్రాంతం జమీందారీల నేల. పర్లాకిమిడి, టెక్కలి, మందస, బొబ్బిలి. దొరగారి లోగిలి ముందునుంచి పోవాలంటే తక్కువ కులమని ముద్రపడినవాడు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. భుజంమీది కండువా దించి నడుముకు చుట్టుకోవాలి. కాళ్లకు చెప్పులుంటే చేతిలోకి రావాలి. ఎండ మాడిపోతున్నా సరే. మోకాలు దాటి పంచె కట్టినందుకు, తెల్లచొక్కా వేసినందుకు దెబ్బలు తిన్నవారున్నారు. తెలుగునాట ఈ ఆచారం ఒక్క జిల్లాది కాదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. లోగిలి ముందు తలవంచే అలవాటు మాత్రం చట్టంతోపాటు ఒక్కరోజులో పోలేదు. ఇవాళ్టికీ కొన్ని ఊళ్లలో ముసలివారు పెద్దింటి అరుగు దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే భుజంమీది తువ్వాలు మీదికి పోతుంది. ఎవరూ తీయమనకపోయినా తీస్తారు. చూసేవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది.

గుడ్డముక్కే కదా అనుకునే వస్తువు చుట్టూ ఇంత కథ ఎందుకు నడిచింది? తలమీద గుడ్డ ఉందంటే ఆ తల ఎవరికీ వంగనక్కర్లేదని అర్థం వస్తుంది కాబట్టి. 1893లో దక్షిణాఫ్రికాలో డర్బను కోర్టులో మేజిస్ట్రేటు తలపాగా తీయమంటే, అప్పటికింకా కుర్రప్లీడరైన గాంధీ తీయకుండా బయటికి నడిచారు. అదే గాంధీ 1921 సెప్టెంబరులో మధురైలో చొక్కా, టోపీ తానే వదిలేసి కొల్లాయిగుడ్డ కట్టారు. ఒకరు తీయించడం వేరు, తానుగా తీయడం వేరు.

అంబేద్కర్ దారి దానికి ఎదురు. ఊరూరా కూడలిలో ఆయన విగ్రహం నీలం కోటు, టై, చేతిలో పుస్తకంతో నిలబడి ఉంటుంది. పంచె కట్టే దేశంలో ఈ సూటేమిటని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. వారికి ఆ కోటు భాష అర్థం కాలేదు. ఒంటిమీద గుడ్డ ఎంత ఉండాలో, ఎక్కడిదాకా ఉండాలో ఎవరో నిర్ణయించిన కులంలో పుట్టిన మనిషి, పైనుంచి కిందిదాకా నిండుగా, ఇస్త్రీ చెడకుండా దుస్తులు వేసుకుని నిలబడటమే ఒక జవాబు. 1927లో మహద్ సభలో ఆయన దళిత స్త్రీలతో చెప్పింది కూడా అదే. కులాన్ని పట్టిచ్చే తీరులో చీర కట్టవద్దనీ, తక్కిన స్త్రీలు కట్టినట్టే కట్టమనీ చెప్పారు. కాబట్టి కోటు పరదేశీ వస్త్రమనీ, పాగా ఒక్కటే స్వదేశీ అనీ పంచాయితీ పెట్టడం వృథా. ఎవరికి ఏది గౌరవమిచ్చిందో వారిది అదే.

తలపాగా పాతకాలపు పెత్తనానికి గుర్తు, అది పోవడమే మంచిదనే వాదన ఒకటి ఉంది. వినదగినదే. అయితే తాతచేత తీయించిన గుడ్డను మనవడు కూడా వదిలేస్తే గెలిచిందెవరు? ఆనాడు లోగిలి ముందు తల బోసిపోయినవాడి మనవడే ఇవాళ నడివీధిలో, నడిపొద్దున, ఇష్టమైన రంగులో పాగా చుట్టుకుని నడవడానికి అందరికన్నా ముందు హక్కుదారు.

చీరమీద చొక్కా

కోటు మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. ఈ జిల్లాలో రోజూ కోటు వేసుకునేదెవరు? ప్లీడర్లా? వాళ్లు కోర్టు గుమ్మం దిగగానే తీసి చేతిమీద వేసుకుంటారు. నిజానికి రోజూ వేసుకునేది కూలికెళ్లే ఆడవాళ్లు. పొద్దున్నే పొలాలకు వెళ్లే ఆటోల్లో చూస్తే తెలుస్తుంది. చీరమీద ఇంట్లో మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా, తలకు తువ్వాలు, దాని కొస ముక్కుమీదుగా చుట్టి వెనక్కి ముడి. మొక్కజొన్న పొత్తులు విరిచేటప్పుడు ఆకు చేతులు కోయకుండా, నాట్లలో వీపు మాడకుండా, కోతల్లో నుసి ఒంటికి అంటకుండా వారే కనిపెట్టుకున్న జాకెట్టు అది. పెద్ద దుకాణాల్లో ఇలాంటిదానికి పేరుపెట్టి వేలల్లో అమ్ముతారు. వీరికి మాత్రం చిరిగిన చొక్కా తప్ప గతిలేదు.

ఉపాధి పనులకూ, కూలిపనులకూ వెళ్లే ఈ ఆడవాళ్లకు సరిపోయే కొలతల్లో, పలుచని నూలుబట్టతో, జేబులున్న పైచొక్కా కుట్టి అమ్మేందుకు మహిళా పొదుపు సంఘాలు ఎందుకు పూనుకోకూడదు? కుట్టుమిషన్లున్నాయి. కుట్టడం నేర్చుకున్న ఆడపిల్లలున్నారు. మగవాడి చొక్కా భుజాల దగ్గర జారుతుంది, చేతులు పొడుగై బురదలో తడుస్తాయి, జేబు ఉన్నచోట ఆమెకు అక్కరకురాదు. ఆ ఒక్క వస్త్రం సరిగ్గా కుడితే జిల్లాలో ఏటా ఎన్నివేలు అమ్ముడవుతాయో దర్జీలే లెక్కవేసుకోవచ్చు.

పొందూరు ముంగిట్లో

ఇక గుడ్డ ఎక్కడిదన్న ప్రశ్న. శ్రీకాకుళం జిల్లావాసి తలపాగా కోసం జైపూర్ బజారు వైపు చూడటం ఇంట్లో వెన్న పెట్టుకుని నేతికి వెదికినట్టే. పొందూరు సన్నఖద్దరు పేరు దేశమంతా తెలుసు. తెలియనిది పక్క మండలం కుర్రవాడికే.

ఆ పని ఎలా జరుగుతుందో చూసినవారు ఆ గుడ్డను ఊరికే పారేయలేరు. కొండపత్తి, పునాసపత్తి తెస్తారు. గింజమీది పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చేప పళ్లు దువ్వెనకన్నా సన్నం. నలకా, నుసీ దాంతో పోతాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకుల్ని ఎండిన అరటిదవ్వలో చుట్టి మురికి అంటకుండా పట్టుకుని రాట్నంమీద వడకడం. అంతా చేతిపనే. వడికేవారంతా ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది వయసు మళ్లినవారు. ఆ వేళ్లలోంచి వచ్చే నూలు నూరు కౌంటు, అంతకు మించి కూడా ఉంటుంది. అంత సన్ననిది. అక్కినేని నాగేశ్వరరావు పొందూరు పంచెలను ఇష్టపడి కట్టేవారన్నది పొందూరులో ఇప్పటికీ గర్వంగా చెప్పుకునే మాట.

అయితే గర్వంతో కడుపు నిండదు. రోజంతా కూర్చుని వడికినా వచ్చేది వ్యవసాయ కూలికి తూగదు. అందుకే కూతుళ్లు తల్లి పక్కన రాట్నం ముందు కూర్చోవడం లేదు. మగ్గంమీద పనిచేసినవారి కొడుకులు విశాఖలో, హైదరాబాద్‌లో, చెన్నైలో వేరే పనులు వెతుక్కున్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవమని సభలు పెడతారు. 1905లో అదే రోజున మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఈ దినం జరుపుతున్నారు. ఆ వేదికమీద నాయకులు ఖద్దరు వేసుకుని మాట్లాడతారు. ఆగస్టు 8న ఏం వేసుకుంటారన్నదే నేతగాడికి కావలసిన సంగతి. పండగ కొనుగోళ్లతో మగ్గం నడవదు. రోజూ కట్టి, ఉతికి, చిరిగి, మళ్లీ కొనేవాళ్లుంటేనే నడుస్తుంది.

పొందూరు పంచె సామాన్యుడు కొనగలడా అంటే, సన్నరకం కొనలేడు. ఖరీదు వేలల్లోనే. కాని తలకు చుట్టడానికి నూరు కౌంటు నూలెందుకు? మామూలు ఖద్దరు తుండు చాలు, నేతసంఘాల దుకాణంలో దొరికే చేనేత తువ్వాలు చాలు. కండువా ఒక్కటి కాస్త మంచిది కొనుక్కుంటే ఏళ్లతరబడి వస్తుంది. ఏటా మూడు సింథటిక్ టీషర్టులకు పెట్టే డబ్బు ఒకచోట చేర్చి చూస్తే ఆ లెక్క తేలిపోతుంది.

శాలువాల గోల

ఈ సందర్భంలో సన్మానాల సంగతి చెప్పకపోతే ఎలా? సర్పంచి ప్రమాణస్వీకారానికి శాలువా. పంతులుగారి రిటైర్మెంటుకు శాలువా. పదో తరగతిలో మార్కులొచ్చిన పిల్లకు శాలువా. మెరుపుదారాలు, గుచ్చుకునే జరీ, ఉతికితే పోయే రంగు. సన్మానం పొందినవాడు ఇంటికి తెచ్చి బీరువాలో పెడతాడు. మూడు నెలలకు అదే శాలువా మడత విప్పకుండా ఇంకొకరి భుజంమీదికి చేరుతుంది. ఒకే శాలువా నాలుగు ఊళ్లు తిరిగి మొదటి యజమాని దగ్గరికే వచ్చిందని చెప్పుకు నవ్వుకోవడం మామూలైపోయింది.

మేలో శాలువా కప్పించుకున్న మనిషి అవస్థ చూడాలి. పైన ఫ్యాను తిరగదు, ఒంటిమీద పాలిస్టరు, ఉపన్యాసాలు ఆగవు. ఆ డబ్బుకే ఒక ఖద్దరు కండువా గానీ, తలగుడ్డకు పనికొచ్చే నూలుతుండు గానీ ఇస్తే ఆ మనిషి మర్నాడు దాన్ని వాడతాడు. సంతలో నలుగురు చూసి "ఎక్కడిదిది?" అని అడుగుతారు. "బళ్లో సన్మానంలో ఇచ్చార్రా" అని చెప్పుకుంటాడు. సన్మానం ఆ రోజుతో అయిపోక ఏడాదంతా సాగుతుంది. పొందూరులో ఒక రాట్నం మరికొన్నాళ్లు తిరుగుతుంది. జిల్లాలో పంచాయతీలూ, బడులూ, కాలేజీలూ, యువజన సంఘాలూ ఈ ఒక్క తీర్మానం చేసుకుంటే ఖర్చు పెరగదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కోటు విషయంలో కాస్త వివేకం కావాలి. వైశాఖమాసంలో ఉన్నిసూటు వేసుకుని పీటలమీద హోమం ముందు కూర్చున్న పెళ్లికొడుకును చూస్తే, పెళ్లికన్నా ముందు అతనికి మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది. ఈ గాలికీ, ఈ ఉక్కకూ సరిపోయేది చేతుల్లేని కోటు. జవహరు కోటని పెద్దవాళ్లు పిలిచేదే. నూలుబట్టతో గానీ ఖద్దరుతో గానీ, లోపల మందపు అస్తరు లేకుండా కుట్టించుకుంటే లాల్చీమీద, చొక్కామీద, ఆఖరికి పంచెమీద కూడా కుదురుతుంది. నాలుగు జేబులుంటాయి. కళ్లజోడు, సెల్‌ఫోను, పాసుపుస్తకం, చిల్లర అన్నీ పడతాయి. బ్యాంకుకు వెళ్లే రైతుకు ఇంతకన్నా పనికొచ్చే వస్త్రం లేదు. ఊళ్లో దర్జీకి ఆ కొలత ఇప్పటికీ తెలుసు. ఎవరూ అడగక చేయి మరిచిపోతున్నాడు, అంతే. రెడీమేడు కోటు భుజం దగ్గర ఒకరిదిలా, పొట్ట దగ్గర ఇంకొకరిదిలా ఉంటుంది. దర్జీ కుట్టింది వేసుకున్నవాడిదిలానే ఉంటుంది.

నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకే చాలామందిని ఆపుతోంది. నెల్లాళ్లపాటు వరసగా తలగుడ్డ చుట్టుకుని తిరిగినవాణ్ని ఏ ఊరూ రెండో నెల నవ్వలేదు. మొదటివారం అడుగుతారు, రెండోవారం మానేస్తారు, మూడోవారం ఎక్కడ కొన్నావంటారు. చిరిగిన జీన్సుకు ఊరు అలవాటు పడలేదా? తెల్లగుడ్డకు పడదా?

సంక్రాంతికి వలసవెళ్లినవారంతా ఊళ్లకు వస్తారు. ఆ నాలుగురోజుల్లో తలగుడ్డ చుట్టడం వచ్చిన పెద్దవాళ్ల దగ్గర కుర్రవాళ్లు అరగంట కూర్చుంటే పని అయిపోతుంది. పుస్తకం చూసి వచ్చే విద్య కాదది. ఎదురుగా చేసి చూపించాలి. ఒక మెళకువ మాత్రం తెలిసి ఉంటే మంచిది. కొత్తగుడ్డను గంజితో చుడితే జారిపోతుంది. కొన్నాక రెండు మూడుసార్లు ఉత్తనీళ్లలో జాడించి, నీడన ఆరబెట్టి, మెత్తబడ్డాక చుట్టాలి. మొదటి చుట్టు చెవిపైన గట్టిగా పడాలి. పైచుట్లు వదులైనా ఫరవాలేదు.